ఇంజను అరిస్తే బలం వచ్చినట్టేనా?

తెల్లవారుజామున ఏ ఊరి సెంటరులో నిలబడినా ఈ దృశ్యం కనిపిస్తుంది. కిరాయికి బయలుదేరే కారును స్టార్టు చేసీ చేయగానే డ్రైవరు ఎక్సిలేటరు తొక్కి నాలుగైదుసార్లు రేజ్ చేస్తాడు. వీధి వీధంతా మోగిపోతుంది. ఇదేమిటయ్యా అంటే "ఇంజను వేడెక్కాలి కదండీ" అని జవాబు. ఇది మంచి అలవాటు కాదు. అప్పు చేసి కొన్న బండిని మన చేతులతో మనమే అరగదీసుకోవటం.

రాత్రంతా నిలిచిన ఇంజనులో ఆయిలు చాలావరకు అడుగుకు దిగి, చిక్కగా ఉంటుంది. పంపు దానిని తోడి బేరింగులకు, టర్బోకు అందించటానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ లోపునే రేజ్ చేస్తే లోహానికి లోహం ఒరుసుకుంటుంది. అర నిమిషం ఆగి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే ఇంజను తానే వేడెక్కుతుంది.

రేజ్ చేస్తే పవర్ వస్తుందనే మాటలో సగం నిజం ఉంది. మన పల్లెల్లో ఇప్పటికీ తిరుగుతున్న 1248 సీసీ స్విఫ్టు డీజిలు కారునే తీసుకోండి. 2020 ఏప్రిల్ నుంచి ఆ కంపెనీ డీజిలు కార్లు చేయటం మానింది కనుక ఉన్నవాటినే కాపాడుకోవాలి. దాని లాగుడు బలం నిమిషానికి 2000 చుట్ల దగ్గరే గరిష్ఠం. అక్కడ లెక్క వేస్తే సుమారు 54 అశ్వశక్తి. 4000 చుట్ల దగ్గర 75. అంటే చుట్లు రెట్టింపయినా శక్తి ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు. కాని పిస్టను పైకీ కిందికీ కొట్టుకునే తాకిడి మాత్రం నాలుగు రెట్లవుతుంది. ఆ భారమంతా కనెక్టింగు రాడ్డు, బేరింగులే మోయాలి. 4000 దాటాక అరుపు పెరుగుతుంది గాని శక్తి పెరగదు.

అలాగని అతి పొదుపూ పనికిరాదు. డీజిలు మిగులుతుందని నిండు బండిని టాపు గేరులోనే ఎత్తు ఎక్కించేవారున్నారు. ఇంజను గుడగుడలాడుతూ వణుకుతుంటే అదీ బేరింగులకు దెబ్బే. గేరు దించి కాసేపు చుట్లు పెరగనిస్తే తప్పు లేదు. వేడెక్కిన ఇంజను, సరైన ఆయిలు ఉంటే అప్పుడప్పుడు గట్టిగా తిరగటానికి అది తయారై ఉన్నదే.

అసలు ప్రమాదం మరొకటుంది. నేటి కార్లలో ఎక్సిలేటరు ఎంత తొక్కినా హద్దు దాటకుండా కంప్యూటరు ఆపుతుంది. కాని వేగంలో ఉండగా పొరపాటున నాలుగుకు బదులు రెండో గేరు పడితే చక్రాలే ఇంజనును తిప్పేస్తాయి. దానిని ఏ కంప్యూటరూ ఆపలేదు. వాల్వులు పిస్టనుకు తగిలి ఇంజను ఒక్క క్షణంలో పోవచ్చు. శ్రీశైలం వంటి ఘాట్లు దిగేటప్పుడు ముందుగానే వేగం తగ్గించి, ఆ తరువాతే గేరు దించాలి. ఘాటు ఎక్కి ఆగగానే తాళం తిప్పెయ్యకుండా ఒక నిమిషం స్లోలో ఉంచితే టర్బో చల్లబడుతుంది.

పల్లెలో కిరాయి కారు ఒక కుటుంబానికి అన్నం పెడుతుంది. ఇంజను బోరుకు వచ్చిందంటే ఖర్చు ఒక్కటే కాదు, బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళూ రాబడి ఉండదు, వాయిదా మాత్రం ఆగదు. డ్రైవింగు స్కూళ్ళు స్టీరింగు తిప్పటం నేర్పి పంపిస్తున్నాయి. ఇంజను ఏం కోరుతుందో కూడా ఒక గంట చెబితే బాగుంటుంది. ఆ లోపు ఓనర్లే తమ డ్రైవర్లకు చెప్పుకోవాలి. ఎద్దును కట్టు విప్పగానే ముల్లుకర్రతో పొడిచి పరుగెత్తించే రైతు ఉండడు. ఇంజను విషయంలోనూ ఆ మాత్రం దయ ఉంటే చాలు.