పల్లె కబుర్లు – 31: బొమ్మల పుస్తకమేగా అని నవ్వాను



నాకో కొత్త అలవాటు పట్టుకుంది. కామిక్స్ చదువుతున్నాను. నలభై ఆరేళ్ల వయసులో, రాత్రి అన్నం తిన్నాక, కళ్లజోడు పెట్టుకుని మరీ. నవ్వేవాళ్లు నవ్వండి. ముందు నవ్వింది నేనే. ఆ నవ్వు వల్ల మా స్టడీ సర్కిల్ ఒక మంచి మనిషిని పోగొట్టుకోబోయింది. ఈ వారం దాని గురించే రాస్తున్నాను.

ఎవరు కొత్తగా వచ్చినా చేతిలో ‘కులనిర్మూలన’ పెట్టడం నా పద్ధతి. "ముందు ఇది చదివిరా, తర్వాత మాట్లాడదాం" అనేవాణ్ణి. చాలామంది మళ్లీ కనపడేవాళ్లు కాదు. ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు, రీల్స్ పిచ్చి ముదిరింది అని తిట్టుకునేవాణ్ణి. నేను పెడుతున్నది ఎంట్రన్సు పరీక్ష అని నాకు తోచలేదు. మన పిల్లల్ని వడపోసే పరీక్షలు బయట చాలవన్నట్టు, లోపల నేనొకటి పెట్టాను.

పోయినేడాది ఒక డిగ్రీ చెల్లెలు వచ్చింది. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. రెండో మీటింగుకు నేనిచ్చింది కాకుండా వేరే పుస్తకం తెచ్చింది. ‘భీమాయన’. "అన్నా, ఇంగ్లీషులో నేను చివరిదాకా చదివిన మొదటి పుస్తకం ఇదే" అంది. మొహం వెలిగిపోతోంది. నేను నాలుగు పేజీలు తిప్పి, "బొమ్మల పుస్తకమా? నేనిచ్చింది ఎంతవరకు వచ్చింది?" అన్నాను. పక్కవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె పుస్తకం బల్ల మీదే వదిలేసి పోయింది. తర్వాత మూడు మీటింగులకు రాలేదు.

మూడో మీటింగు అయ్యాక ఆ పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. నా కామిక్స్ చదువు అక్కడ మొదలైంది. సరదాతో కాదు, తప్పు చేశానన్న బాధతో.

2011లో నవయాన వేసిన పుస్తకం అది. బొమ్మలు గీసింది దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. మధ్యప్రదేశ్ పర్ధాన్ గోండు కళాకారులు. రాసింది శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్. నీళ్లు, నీడ, ప్రయాణం అని మూడు భాగాలు. బాబాసాహెబ్ స్వయంగా రాసుకున్న అనుభవాలే దానికి ఆధారం. మసూరు స్టేషన్లో దిగిన పిల్లల్ని బండివాడు ఎక్కించుకోకపోవడం, రాత్రంతా దాహంతో పోవడం నేను ఎన్ని సభల్లో చెప్పి ఉంటానో లెక్కలేదు. నోటికొచ్చిన పాఠం అయిపోయింది నాకు. ఆ పుస్తకంలో చూస్తే రైలు పాములా పోతోంది. మహాడ్ సభలో లౌడుస్పీకర్ల నుంచి మాటకు బదులు నీళ్లు చిమ్ముతున్నాయి. జనం తడుస్తున్నారు. 1927 నాటి మహాడ్ చెరువు గురించి నేను గంట ఉపన్యాసంలో చెప్పలేనిది ఆ ఒక్క పేజీలో ఉంది. చాలా ఏళ్ల తర్వాత ఆ కథ నాకు మళ్లీ నొప్పి పుట్టించింది.

ఇంకో సంగతి. మామూలు కామిక్స్‌లో కథ గళ్లలో నడుస్తుంది. వ్యామ్ దంపతులు గళ్లు గీయలేదు. మనుషుల్ని గళ్లలో బిగించడం తమకు నచ్చలేదు. వాళ్ల ఇళ్ల గోడల మీద, నేల మీద వేసుకునే దిగ్నా ముగ్గులతోనే పేజీని విడదీశారు. మెత్తగా మాట్లాడేవాళ్ల మాటల బుడగలు పిట్టల్లా ఉంటాయి. విషం కక్కేవాళ్ల బుడగలకు తేలు కొండి ఉంటుంది. ఆ తేలు కొండి చూడగానే నా చిన్నప్పటి టీ కొట్టు గుర్తొచ్చింది. మాటకు కొండి ఉంటుందని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

చిన్నప్పుడు కామిక్స్ నేను చూడకపోలేదు. చూశాను, పొట్లాల్లో. బఠాణీలు చుట్టిచ్చిన కాగితం విప్పితే ఒక్కోసారి బొమ్మల కథ ముక్క వచ్చేది. ముందు ఏం జరిగిందో తెలీదు, తర్వాత ఏమైందో తెలీదు. మధ్యలో నాలుగు గళ్లు. మిగతా కథ నేనే అల్లుకునేవాణ్ణి. స్కాట్ మెక్‌క్లౌడ్ అనే కామిక్స్ కళాకారుడు 1993లో కామిక్స్ గురించి కామిక్స్‌లోనే ఒక పుస్తకం వేశాడు. గడికీ గడికీ మధ్య ఉన్న ఖాళీలో కథ జరిగేది చదివేవాడి బుర్రలో అంటాడు. అది చదివి నవ్వుకున్నాను. పొట్లం కాగితాలతో ఆ పని ఎప్పుడో నేర్చాం మనం.

"రోహిత్ లాంటి పిల్లలు చచ్చిపోతుంటే నీకు బొమ్మల కథలు కావాల్సొచ్చాయా?" అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ రోహిత్ ఏం కావాలనుకున్నాడు? కార్ల్ సాగన్ లాగా సైన్సు రచయిత కావాలనుకున్నాడు. నక్షత్రాలను ప్రేమించాడు. మన పిల్లలకు పోరాటం ఒక్కటే రాసిపెట్టి, ఆశ్చర్యపోవడం, మురిసిపోవడం పైకులాల పిల్లలకు వదిలేయడం ఏం న్యాయం? బయోడేటాలో హాబీలు అని ఒక గడి ఉండేది. నేనెప్పుడూ ఖాళీగా వదిలేవాణ్ణి. సెలవులొస్తే మిరపకాయ కోతలకు పోయినవాడు అక్కడ ఏం రాస్తాడు? తీరిక కూడా భూమి లాంటిదే. తరతరాలుగా కొందరి పేరునే ఉంది. దాంట్లో మన వాటా మనం అడగాలి.

కామిక్స్‌ను నవ్వి తీసిపారేసేవాళ్ల కోసం ఒక కథ. అమెరికాలో జాన్ లూయిస్ అని నల్లజాతి ఉద్యమ నాయకుడు. 1956లో అలబామాలో పదహారేళ్ల వయసులో లైబ్రరీ కార్డు అడగబోతే, ఇది తెల్లవాళ్లకే అని పంపేశారు. 1965లో సెల్మా వంతెన మీద పోలీసులు అతని పుర్రె పగలగొట్టారు. తర్వాత పార్లమెంటు సభ్యుడయ్యాడు. 2008లో ఆయన దగ్గర పనిచేసే ఆండ్రూ ఐడిన్ అనే కుర్రాడు, ఎన్నికలయ్యాక కామిక్స్ సంబరానికి పోతానంటే తోటివాళ్లు నవ్వారు. లూయిస్ నవ్వొద్దన్నాడు. మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ మీద 1957లో వచ్చిన పది సెంట్ల కామిక్ తమ ఉద్యమానికి ఎంత పనికొచ్చిందో చెప్పాడు. చివరికి ఆ కుర్రాడితో కలిసి ‘మార్చ్’ అని తన జీవితాన్నే మూడు భాగాల కామిక్‌గా రాశాడు. బొమ్మలు నేట్ పావెల్‌వి. మూడో భాగానికి 2016లో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. లైబ్రరీ కార్డు ఇవ్వని రోజును ఆ వేదిక మీద తలుచుకుని ఏడ్చాడు పెద్దాయన. నవ్వొద్దు అన్న ఆ మాట చదివినప్పుడు నా తల వాలిపోయింది.

అలాగని బొమ్మలన్నీ మన చుట్టాలు అనుకోవద్దు. 1967లో మొదలైన అమర్ చిత్రకథ చదివి పెరిగిన తరాలున్నాయి. అందులో చాలా కథల్లో రాక్షసులు ఏ రంగులో ఉంటారో, రాజులు, రుషులు ఏ రంగులో ఉంటారో చూడండి. నల్లటి ఒంటిని చూసి భయపడమని పసిపిల్లలకు పాఠం చెప్పక్కర్లేదు, రంగు వేస్తే చాలు. మన విజయవాడ మనిషి ఉన్నమటి శ్యామ్ సుందర్ 1932 నుంచి 1956 దాకా పత్రికల్లో బాబాసాహెబ్ మీద వచ్చిన వందకు పైగా కార్టూన్లను వెతికి 2019లో పుస్తకం తెచ్చారు. అంత పెద్ద మనిషిని చిన్నపిల్లాడిగా, ఆడమనిషిగా గీసి దేశాన్ని నవ్వించారు. 2012లో ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకంలోని నత్త కార్టూన్ మీద మనం కోప్పడితే, మనకు హాస్యం తెలీదన్నారు. గీత ఎవరి చేతిలో ఉంది, నవ్వు ఎవరి మీద అని అడగడం కూడా కామిక్స్ చదవడంలో భాగమే.

మొదలుపెట్టేవాళ్లకు నాకు తెలిసింది చెప్తాను. ముందు ‘భీమాయన’. తర్వాత శ్రీవిద్య నటరాజన్, అపరాజిత నినన్ చేసిన ‘ఎ గార్డెనర్ ఇన్ ది వేస్ట్‌లాండ్’. ఫూలే 1873లో రాసిన ‘గులాంగిరి’ ఆధారంగా వచ్చింది. తర్వాత ‘మార్చ్’. ఆ తర్వాత ఆర్ట్ స్పీగల్‌మాన్ ‘మౌస్’. నాజీల చేతిలో యూదులు పడ్డ నరకం, యూదులు ఎలుకలుగా, నాజీలు పిల్లులుగా. అది తొందరపడి మొదలుపెట్టొద్దు, గుండె గట్టి చేసుకుని తెరవండి.

మాటల బుడగలు మాత్రమే చదువుకుంటూ పరిగెత్తొద్దు. నేను మొదట అదే చేశాను, గంటలో అయిపోయింది, ఏమీ మిగల్లేదు. ఒకసారి మాటలు చదవండి. ఇంకోసారి మాటలు వదిలేసి చేతులు, కళ్లు, వెనకాల నిలబడ్డ మనుషుల్ని చూడండి. ఇంగ్లీషు మాట తెలియకపోతే బొమ్మ చెప్తుంది. పుస్తకాలు ఖరీదే. పదిమంది కలిసి ఒకటి కొనండి. కలిసి చదివితే ఇంకా బాగుంటుంది, ఒకరికి కనపడనిది ఇంకొకరికి కనపడుతుంది.

‘కులనిర్మూలన’ పక్కన పెట్టమనడం లేదు. దాన్ని చదవకుండా ఎవరికీ గడవదు. దాని దగ్గరికి పోయే దారి ఒక్కటే ఉండాలనే నా మొండితనం తప్పు అంటున్నాను. అయినా కామిక్స్ నిచ్చెనే, ఎక్కాక తోసేయొచ్చు అనుకోవడమూ తప్పే. నేను ‘కులనిర్మూలన’ ఎన్నిసార్లు చదివానో నాకే తెలీదు, ఆ మహాడ్ పేజీ మాత్రం ఇప్పటికీ తెరుస్తూనే ఉన్నాను.

ఆ చెల్లెలికి ఫోన్ చేసి, "తప్పు నాదేనమ్మా, పుస్తకం చదివాను, తెచ్చిస్తాను" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తేలు కొండి చూశారా అన్నా?" అని అడిగింది. మరుసటి ఆదివారం వచ్చింది. ఆ రోజు పాఠం ఆమే చెప్పింది. నేను కింద కూర్చుని విన్నాను. ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లను ఏం చదివావని అడగడం మానేశాం. ఏం చదవాలనుందో అడుగుతున్నాం.

మీరు చదివిన మొదటి బొమ్మల కథ ఏదో, ఎక్కడ దొరికిందో కింద రాయండి. పొట్లం కాగితమైనా సరే.

జై భీమ్.