కార్తె తెలిసీ కాచుకోకపోతే

కార్తీక మాసంలో త్వరగా చీకటి పడుతుంది. ఏడయ్యేసరికి పల్లె రోడ్డు ఆనదు. ఆ రోడ్డులో సగం మేర వడ్లు పోసి ఉంటాయి. పొద్దు గూకగానే రైతు వాటిని కుప్ప చేస్తాడు. మంచు తగలకుండా నల్ల పట్టా కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెడతాడు. నల్ల తారు మీద నల్ల పట్టా. పట్నంలో పని ముగించుకుని బండి మీద ఇంటికి వచ్చే మనిషికి దగ్గరికొచ్చేదాకా అది కనిపించదు. అప్పుడు బ్రేకు వేస్తే చెదిరిన గింజల మీద చక్రం నిలవదు, వేయకపోతే రాయి తగులుతుంది. మర్నాడు జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త. తెలంగాణలో వానాకాలం కోతలప్పుడు ఒకసారి, యాసంగి కోతలప్పుడు మరోసారి ఏటా ఈ వార్త వస్తూనే ఉంది. మనిషి పేరు, ఊరి పేరు మారతాయి, మిగతాదంతా అదే.

ఏటా అవే నెలల్లో, అలాంటి చోటే, అదే కారణంతో జరిగేదాన్ని తలరాత అని సరిపెట్టుకోలేం. అది ఎప్పుడు వస్తుందో ప్రభుత్వానికి తెలుసు. తెలిసీ కాచుకోకపోవడం పాలనా లోపమే.

కోతల కాలం రాగానే రోడ్డు మీద ధాన్యం పోస్తే కేసులు పెడతామని పోలీసులు హెచ్చరిస్తుంటారు. ఈ ధోరణిని మేము ఒప్పుకోం. రైతు ఊరికే రోడ్డెక్కలేదు. వెనుకటి రోజుల్లో వరి కోసి పనలు చేలోనే ఆరనిచ్చేవారు. తర్వాత కుప్ప వేసి, తీరికగా నూర్చేవారు. నూర్పిడి నాటికే గింజ చాలావరకు ఎండి ఉండేది. ఇప్పుడు కోత మిషన్ దిగితే గంటల్లో చేను ఖాళీ అవుతుంది, ఊరంతటి పచ్చి వడ్లు ఒకేసారి బయటపడతాయి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే కాంటా వేయరు. ఇంటి ముందు అంత జాగా లేదు, ఊరి ఉమ్మడి కల్లాలు ఎప్పుడో పోయాయి. ఎండకు కాగే తారు రోడ్డు ఒక్కటే రెండు మూడు రోజుల్లో గింజను ఆరబెట్టి ఇస్తుంది. కూలీలు దొరక్క మిషన్ పెట్టించుకున్న రైతుదా తప్పు, మిషన్ వస్తే వడ్లెక్కడ ఆరాలో ఆలోచించని వ్యవస్థదా?

ఆలోచన అసలు రాలేదని కాదు. ఉపాధి హామీ నిధులతో తెలంగాణ ప్రభుత్వం రైతులకు కల్లాలు కట్టించింది. అది నిబంధనలకు విరుద్ధమంటూ 151 కోట్ల రూపాయలు తిరిగి కట్టమని కేంద్రం అడిగింది. తీర రాష్ట్రాల్లో చేపలు ఎండబెట్టే గచ్చులకు ఒప్పుకున్నప్పుడు వడ్లు ఆరబెట్టే గచ్చులకు అభ్యంతరమేమిటని రాష్ట్రం వాదించింది. 2022 డిసెంబరులో అప్పటి అధికార పక్షం ధర్నాలకు దిగింది. ఆ పద్దు సంగతి ఎలా ఉన్నా, సిమెంటు కల్లం అంటే రైతుకు గిట్టుబాటు ధర, దారిన పోయేవాడికి ప్రాణం. రోడ్డు భద్రతకు పెట్టే ఖర్చులో దానికి మొదటి వాటా దక్కాలి.

వానల్లో, పొగమంచులోనే ప్రమాదాలు ఎక్కువని మనలో చాలామంది అనుకుంటాం. కానీ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో అత్యధికం ఆకాశం నిర్మలంగా ఉన్న రోజుల్లోనే జరుగుతున్నట్టు కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదికలు చెబుతున్నాయి. వాతావరణాన్ని తిట్టి ఊరుకుంటే సరిపోదనడానికి అదే రుజువు. కాలం మారినప్పుడు మనుషుల పనులు మారతాయి, ప్రయాణాలు మారతాయి. ప్రమాదం ఆ మార్పుల వెంటే వస్తుంది.

మన నదుల మీద మూడు పడవలు మూడు రుతువుల్లో మునిగాయి. 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం రద్దీలో, కృష్ణ మీద పవిత్ర సంగమం దగ్గర. 2018 మే 15న, వేసవి గాలివానలో, గోదావరి మీద మంటూరు దగ్గర. 2019 సెప్టెంబరు 15న, వరద పోటులో, కచ్చులూరు దగ్గర. కార్తీకంలో జనం పోటెత్తుతారని, మే నెల సాయంత్రాల్లో ఈదురుగాలి లేస్తుందని, భాద్రపదంలో గోదావరి నిండుగా ఉంటుందని ఆ గట్ల మీద పుట్టిన ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. పడవను రేవు దాటనివ్వాలా వద్దా అని నిర్ణయించే అధికారికి మాత్రం ఆ ఎరుక లేకపోయింది. మూడోసారి కూడా.

నాట్ల కాలం సంగతీ అంతే. దేశంలో పాముకాటు మరణాల్లో దాదాపు సగం జూన్, సెప్టెంబరు మధ్యే సంభవిస్తున్నాయని పరిశోధకులు తేల్చారు. ఆ మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనవీ ఉన్నాయి. 2018లో దివిసీమలో కాట్లు పెరిగినప్పుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి సన్నిధిలో సర్పశాంతి చేయించారు. ప్రజల నమ్మకాన్ని మేము తప్పుపట్టం. కానీ రక్తపింజర కరిచిన కూలీకి కావలసింది మండలంలోని ఆసుపత్రిలో విరుగుడు మందు, దాన్ని ఎక్కించడానికి జంకని డాక్టరు. మందు మృగశిర కార్తెకు ముందే చేరాలి. ఆగస్టులో ఇండెంట్ పెడితే నాట్లు అయిపోయాక వస్తుంది.

పిడుగుల విషయంలో కొంత మేలు జరిగింది. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ముందే పసిగట్టి సెల్‌ఫోన్లకు హెచ్చరిక పంపే ఏర్పాటు ఇప్పుడుంది. గొర్రెల కాపరి చేతిలో ఆ ఫోను ఉందా, చెట్టు కిందికి పోవద్దని అతనికి ఎవరైనా చెప్పారా అన్నదే మిగిలిన ప్రశ్న. గీత కార్మికులకు తెలంగాణ ప్రభుత్వం 2024 నుంచి ఇస్తున్న కాటమయ్య రక్షణ కిట్లు కూడా ఈ దారిలో మంచి అడుగు. తాటిచెట్టు మీద నుంచి పడ్డాక ఇంటికి వెళ్లి చెక్కు ఇవ్వడం కంటే, మోకుతో పాటు ఓ భద్రమైన పట్టీ ముందే ఇవ్వడం మానవత్వం.

ఎక్స్‌గ్రేషియాకు పద్దు ఉన్నట్టే నివారణకూ పద్దు ఉండాలి. ప్రతి జిల్లాలో ఉగాది నాటికి ఆ ఏటి ప్రమాదాల క్యాలెండరు తయారు కావాలి. ఏ నెలలో ఏ ముప్పు, ఏ శాఖ బాధ్యత, ఏ తేదీలోగా ఏం పూర్తి కావాలి అన్నది రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. తేదీ దాటితే కలెక్టరు సంజాయిషీ అడగాలి.

మొదటి పరీక్ష వచ్చే కోతలే. మిషన్లు చేలల్లోకి దిగేలోపు ప్రతి ఊరికీ ఆరబెట్టుకునే జాగా చూపించాలి. అది కుదరని చోట రోడ్డుకు ఒకే పక్కన హద్దు గీసి, రాళ్ల బదులు ఇసుక సంచులు, పట్టా మీద వెలుతురుకు మెరిసే స్టిక్కర్లు అందించాలి. ఏ ఊళ్లతో మొదలుపెట్టాలో తేల్చడానికి కొత్త సర్వే అక్కర్లేదు. వడ్ల కుప్ప తగిలి ఎవరు ఎక్కడ పడిపోయారో పోలీసు స్టేషన్లలోని ఎఫ్ఐఆర్‌లలో రాసే ఉంది.