కారు పందెములు - ఆడపిల్లలు

మా మనుమరాలు కారు పందెములు నేర్చుకొందునని అడుగగా బంధువులు నవ్విరి. ఆడదానికి అంత ధైర్యమెక్కడిదనిరి. ఆ ధైర్యము సంగతి ఫ్రాన్సు దేశపు మిషెల్ మూటన్ 1981లోనే తేల్చినది. ఆ యేట ఇటలీలో శాన్ రెమో ర్యాలీ గెలిచినది. ప్రపంచ ర్యాలీ పోటీలలో అట్లు గెలిచిన మొదటి స్త్రీ ఆమెయే. ప్రక్కన కూర్చుండి దారి చెప్పిన ఫాబ్రిజియా పాన్స్ కూడ స్త్రీయే! 1982లో పోర్చుగల్, గ్రీసు, బ్రెజిల్ పందెములు గెలిచి, ప్రపంచమున రెండవ స్థానము పొందినది. ఐవరీ కోస్టు పందెమునాడు తండ్రి మరణవార్త వచ్చినను బండి నడిపినది.

నా మనస్సున నిలిచినది ఆ తండ్రి సంగతి. మొదట ఆమె ఇతరుల బండిలో దారి చెప్పుచుండెడిది. ఆయన కారు కొనిచ్చి, ఒక సంవత్సరము గడువిచ్చెను. నా కుమారుడు డిగ్రీ రెండుమార్లు తప్పినను ఫీజు కట్టితిని. కుమార్తె సైకిలు అడిగిన, చూతములే అంటిని. ఆ ఫైలు నేటికిని పెండింగే.

చెన్నై చెంతనే ఇరుంగాట్టుక్కోట్టైలో పందెపు బాట ఉన్నది. కాని టైర్లు, పెట్రోలు, మెకానిక్కు కూలి పింఛనుదారుల తరమా? 2023లో స్త్రీలకై ఆరంభమైన ఎఫ్-వన్ అకాడమీ సైతము ఆ యేడు ఒక్కొక్కరిని లక్షన్నర యూరోలు తెమ్మనెను. ఉగాది సభలకు, శాలువలకు చందాలు పోగుచేయు మన తెలుగు సంఘములు ఒక బాలికకు ఒక్క సంవత్సరపు ఖర్చు భరించరాదా? మా మనుమరాలికే ఇమ్మని కాదు. నా వంతు వెయ్యి రూపాయలు సిద్ధముగా నున్నవి.

చెన్నై
- ఒక విశ్రాంత ప్రభుత్వ గుమాస్తా