సైకిలు పనిముట్లు రైతు ఇంటనే ఉండవలెను

ఆనందపురం, పెందుర్తి వైపు పల్లెల నుండి విశాఖపట్నానికి కూరలు, పాలు తెచ్చేవారిలో చాలమంది మోపెడ్లకు, ఆటోలకు మారినారు. అయినను సైకిలు పూర్తిగా పోలేదు. నాలుగు గంపల ఆకుకూర కట్టుకొని చీకటితో బయలుదేరే చిన్న రైతుకు అదియే బండి. నడిదారిలో గాలి పోయినచో ఏమి గతి? సైకిలు షాపు తలుపు తీయునది ప్రొద్దెక్కిన తరువాత. తోటకూర అంతవరకు ఆగదు. 1999లో రైతుబజారులు వచ్చి దళారి బెడద తగ్గినది గాని, వాడిన కట్టకు ధర అక్కడ కూడ లేదు. మరమ్మతు కూలి కంటె పోయిన బేరమే అసలు నష్టము. అందుచేత పంక్చరు, గొలుసు, బ్రేకు — ఈ మూడు పనులైనను ప్రతి ఇంట ఒకరికి రావలెనని నా అభిప్రాయము.

గాలి దిగినంత మాత్రాన పంక్చరని అనుకొనరాదు. మన పాత రకపు సైకిళ్లకు వాల్వులో చిన్న రబ్బరు గొట్టము ఉండును. అది ఎండి చిట్లినను గాలి మెల్లగా పోవును. వాల్వు మీద ఒక నీటిబొట్టు వేయుడు. బుడగ వచ్చినచో ఆ రబ్బరు మార్చినంతనే పని తీరును. నిజముగా పంక్చరే అయినచో, ట్యూబును నీళ్లలో ముంచి రంధ్రము కనిపెట్టి, తుడిచి ఆరబెట్టి, గరుకు కాగితముతో రుద్ది సొల్యూషను పూయవలెను. అది వ్రేలికి అంటకుండ ఆరిన తరువాతనే ప్యాచి వేయవలెను. తొందరపడి తడి మీద అంటించుటచేతనే చాల ప్యాచీలు ఊడిపోవుచున్నవి. మరియొక మాట: టైరు లోపల వ్రేలితో జాగ్రత్తగా తడిమి తుమ్మముల్లు తీయనిదే ట్యూబు ఎక్కించరాదు. టైరు చివరి అంచును చేతులతోనే నెట్టవలెను. లీవరు వాడినచో ట్యూబు నలిగి కొత్త రంధ్రము పడును.

ఉక్కు నగరమే గాని, ఉప్పుగాలికి ఉక్కు కూడ లొంగును. సముద్రపు దాపున తిరిగే సైకిలు గొలుసును తరచుగా కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పలుచని మెషిను నూనె వేసి, పైపై నూనె తుడిచివేయవలెను. ఇంటిలో ఉన్నదికదా అని ఆముదము పోయువారున్నారు. దానికి ఇసుక పట్టి గొలుసును అరగదీయును. గొలుసు అరుగుదల తెలియుటకు స్కేలు చాలును. ఒక పిన్ను నడిమి నుండి కొలిచినచో 12 అంగుళముల వద్ద మరియొక పిన్ను నడిమి రావలెను. 1/8 అంగుళము మించినచో గొలుసు మార్చుడు.

పనిముట్లకు పెద్ద పెట్టె కొనుట దండుగ. తళతళలాడే చవక స్పానరు నట్టు మూలలను గుండ్రము చేయును. ఆపై ఏ స్పానరుకు అది లొంగదు. మన చక్రపు నట్టుకు బిగువుగా అతికే గట్టి స్పానరు ఒకటి, టైరు లీవర్లు రెండు, స్క్రూడ్రైవరు, పంపు, పంక్చరు సామాను, జానెడు వాల్వు రబ్బరు — ఇవి చాలును. షాపునకు సైకిలునే తీసికొనిపోయి, నట్టుకు పెట్టి చూచి కొనవలెను. ఎడమ పెడలు మర ఎదురు తిరుగుడని మరువరాదు. తెలియక బలము చూపి క్రాంకును పాడుచేసినవారు గలరు. చక్రపు వంకర తీయుట, కాటరు పిన్ను దిగగొట్టుట మాత్రము మెకానిక్కుకే వదలవలెను.

గ్రామ వ్యవసాయ సహాయకులకు ఒక మనవి. స్ప్రేయరు విప్పి చూపే రోజుననే ఒక పాత చక్రము, నీళ్ల పళ్లెము కూడ పెట్టించుడు. ఆడపిల్లలను ముందు వరుసలో కూర్చుండబెట్టుడు. పొరుగూరి బడికి సైకిలు మీద పోయేది వారే.