అక్షరానికి ఇంత ఆర్భాటమా?

గోంగూర పచ్చడి చెయ్యడం చెప్పమంటే పక్కింటి పిన్నిగారు పిట్టగోడ మీంచే నాలుగు ముక్కల్లో చెప్పేస్తారు. అదే ఇంటర్నెట్టు నడిగి చూడండి! ముందు ‘కుకీలు ఒప్పుకుంటారా?’ అంటుంది. కాదనే దారి ఎక్కడో అడుగున నక్కి ఉంటుంది. ఇంతలో అడగని వీడియో మోగుతుంది. దానిమీద చీరల ప్రకటన. మూద్దామని వేలు పెడితే దుకాణంలో తేలతాం. ఇక వారం రోజులు ఏ పేజీ తెరిచినా ఆ చీరలే. గోరంత సంగతికి కొండంత ఆర్భాటం!

“కాలంతోపాటు పోవాలండీ, తప్పదు” అంటారు. ఎందుకు తప్పదూ అని నా ప్రశ్న.

జెమినీ అనే పద్ధతి ఒకటుంది. సర్కసు కాదు, మద్రాసు స్టూడియో కాదు, గూగుల్ వారు 2023లో తమ కృత్రిమ మేధకి పెట్టుకున్న పేరూ కాదు. 2019లో మొదలైన చిన్న ఏర్పాటిది. అమెరికా వారి అంతరిక్ష నౌకల్లో బుల్లి మెర్క్యురీకీ, చంద్రుడి మీదికెళ్ళిన అపోలోకీ నడిమిది జెమినీ. అలాగే ఇదీ పాత గోఫర్‌కీ, నేటి వెబ్‌కీ నడిమిది. మీరొక పేజీ అడుగుతారు, అది ఇస్తుంది, తలుపేసుకుంటుంది. అంతే! కుకీల్లేవు, వెంటపడే ప్రకటనల్లేవు. రాసినవాళ్ళు విషయం మాత్రమే పంపుతారు. అక్షరం ఎంత పెద్దగా ఉండాలో చదివేవాళ్ళిష్టం. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్ళకి ఇది ఎంత మర్యాదో చెప్పాలా?

ఆ గోఫర్ 1991లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పుట్టింది. హోటల్లో మెనూకార్డులా వరసగా పేర్లు, కావలసింది ఎంచుకోవడమే. 1993లో ఆ విశ్వవిద్యాలయం సర్వరుకి రుసుము అడుగుతామంది. అదే ఏడు ఏప్రిల్లో సెర్న్ సంస్థ వెబ్‌ని అందరికీ ఊరికే ఇచ్చేసింది. జనం అటు మళ్ళడానికి అదీ ఒక కారణం. అలా ఊరికే వచ్చిన వెబ్‌ని ఇవాళ సంత చేసి కూర్చోబెట్టారు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. జెమినీలో కరెంటు బిల్లు కట్టలేం, మనవరాలి ఫోటో పేజీలో మెరవదు. తెలుగు రాతలూ అక్కడ అరుదే. నిజమే! కరెంటు బిల్లుకి వెబ్ ఉండనే ఉంది. బజారుకి వెళ్ళొచ్చినవాళ్ళం పెరట్లో కూర్చోకూడదా?

లినక్సు మాట ఎత్తితే ఇంకా వేళాకోళం. “ఆడవాళ్ళకెందుకండీ అవన్నీ? అమ్మకి వాట్సాప్ చాలు!” కొత్త ల్యాప్‌టాప్ అబ్బాయికి, వాడు వదిలేసింది అమ్మకి. అది మూలిగితే పాతసామాన్లకి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మరమ్మతులు ఆగిపోయాక, పదకొండో రకానికి పనికిరాని యంత్రాలకి ఆ గతే పట్టిస్తున్నారు. అలాంటి చాలా వాటిమీద లినక్స్ మింట్ హాయిగా నడుస్తుంది. పెన్‌డ్రైవ్‌లోంచే నడిపి చూడొచ్చు, లోపలున్నదాన్ని ముట్టుకోనక్కర్లేదు. ప్రింటరు ఒక్కోసారి మొరాయిస్తుంది, కొన్ని ఆఫీసు ప్రోగ్రాములు రానంటాయి. ఆ సంగతి ముందే తెలుసుకుని దిగడం మంచిది.

“ఇంతా చేసి ఏమొరుగుతుంది?” అనే పెద్దమనుషులకి నా జవాబొకటే. బజార్లో సీసాల్లో దొరుకుతోందని మనం ఆవకాయ పెట్టడం మానేశామా? మన చేత్తో కలిపితే అందులో ఏముందో మనకి తెలుస్తుంది. కంప్యూటరైనా అంతే. హాబీ అంటే చులకనా? 1991 ఆగస్టు 25న హెల్సింకీలో లినస్ టోర్వాల్డ్స్ అనే ఇరవయ్యొక్కేళ్ళ కుర్రాడు, సరదాకి ఏదో చేస్తున్నానని నలుగురికీ చెప్పాడు. ఆ సరదా పేరే లినక్సు. ఆడవాళ్ళకెందుకని నవ్వేవారి జేబులో ఆండ్రాయిడ్ ఫోనుంటే, దాని గుండెకాయా అదే!

వంటింటి గట్టు ఎంత ఎత్తుండాలో, ఏ డబ్బా ఎక్కడుండాలో నిర్ణయించుకునే మనం, రోజూ రెండు గంటలు కళ్ళప్పగించే తెరని మాత్రం ఎవరో సర్దిపెడితే ఊరుకోవాలా? ఈసారి పాత ల్యాప్‌టాప్ పాతసామాన్లవాడికి వెయ్యబోతుంటే ఒక్కరోజు ఆపి, పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. నచ్చకపోతే ఏం పోయింది? వాడు మర్నాడూ వస్తాడు.