ఈ నెల మాట: క్లోమం

మా అవ్వకు పొట్టలో ఎక్కడ నొప్పి వచ్చినా ఒకటే మాట, "కడుపునొప్పి". క్లోమం అనే మాట ఆమె నోట నేను ఎప్పుడూ వినలేదు. డర్బన్‌లో మన పిల్లలకు అది పాంక్రియాస్‌గానే తెలుసు. పుస్తకాల తెలుగులో దాన్ని క్లోమం అంటారు.

క్లోమం జీర్ణాశయం వెనకాల, వెన్నెముకకు ముందు, అడ్డంగా ఉంటుంది. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. తిన్నది అరగడానికి కావలసిన రసాలు, రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ అక్కడ తయారవుతాయి. అది లోపల దాగి ఉంటుంది. అందుకే దానికి వచ్చే క్యాన్సర్ చాలాసార్లు ఆలస్యంగా బయటపడుతుంది. సీటీ స్కాన్ చూసి ఆ జబ్బును ముందే పట్టుకోవడం ఇప్పుడు కంప్యూటర్‌కు నేర్పుతున్నారు. ఆ పద్ధతి పేరు డీప్ లెర్నింగ్.

కంప్యూటర్‌కు నేర్పేది ఎవరు? మనుషులే. సీటీ స్కాన్ మన ఒంటి లోపలి భాగాన్ని, కోసిన రొట్టె ముక్కల్లా, పొరలు పొరలుగా చూపిస్తుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 82 స్కాన్‌లను, పేర్లు తీసేసి, పరిశోధకులకు అందుబాటులో పెట్టింది. ఒక వైద్య విద్యార్థి ప్రతి పొర మీదా క్లోమం చుట్టూ గీత గీశారు. అనుభవమున్న రేడియాలజిస్టు ఆ గీతలను సరిచూశారు. వాటిలో 17 స్కాన్‌లు కిడ్నీ దానం చేయడానికి వచ్చిన ఆరోగ్యవంతులవి.

కంప్యూటర్ తనకు చూపించిన వాటి నుంచే నేర్చుకుంటుంది. ఆ 82 స్కాన్‌లలో క్లోమ క్యాన్సర్ ఒక్కటీ లేదు. వాటితో క్లోమం ఎక్కడుందో నేర్పవచ్చు. జబ్బును గుర్తుపట్టడం నేర్పాలంటే రోగుల స్కాన్‌లు కూడా కావాలి. 2023లో చైనా పరిశోధకులు ప్రకటించిన పాండా అనే పద్ధతికి 3,208 మంది స్కాన్‌లతో నేర్పారు. అలాంటిదాన్ని మన ఊరి ఆసుపత్రిలో వాడే ముందు, ఇక్కడి వాళ్ల స్కాన్‌ల మీద కూడా పరీక్షించి చూడాలి.

అలా చూడాలంటే మన స్కాన్‌లు కావాలి. ఏదో ఒక రోజు ఒక కాగితం మీ ముందు పెట్టి సంతకం అడగవచ్చు.

నటాల్‌కు వచ్చిన ఓడల జాబితాల్లో మన పెద్దల పేరు పక్కన నంబరు, వయసు, ఊరు, ఒంటి మీది గుర్తులు రాసి ఉంటాయి. ఆ వివరాలు ఎవరి చేతికి వెళ్లాలో చెప్పే అవకాశం వాళ్లకు లేదు. మనకు ఉంది. కాబట్టి అడగండి: నా పేరు తీసేస్తారా? స్కాన్ ఎవరికి ఇస్తారు? నేను వద్దంటే నా వైద్యం ఆగుతుందా? జవాబులు విన్నాకే సంతకం పెట్టండి.

నేర్చుకోవలసిన మాటలు
జీర్ణాశయం: తిన్న అన్నం మొదట చేరే సంచి.
పొర: పలచని ముక్క. ఉల్లిపాయకు పొరలు ఉంటాయి.
సరిచూడడం: తప్పులు ఉన్నాయేమో అని మళ్లీ చూడడం.