గడప దాటేలోగా గాజులు మారాయ్!

సాయంత్రం ఏడున్నర. కంకిపాడులో బందరు రోడ్డు మీద బస్సుల హారన్లు మోగుతూనే ఉంటాయి. ఇంట్లో టీవీ ముందు మాత్రం అత్తాకోడళ్లు కదలరు, మెదలరు. చేతుల్లో చిక్కుడుకాయలు... కళ్లు తెర మీద.

'చూశారా అత్తయ్యా... గుమ్మంలో ఎర్రగాజులు. హాల్లోకి వచ్చేసరికి ఆకుపచ్చవి!'

'గడప దాటుతూ మార్చుకుందేమోలే అమ్మాయ్!'

ఇద్దరూ పకపకా నవ్వుకుంటారు. తెర మీద కథానాయిక కన్నీరుమున్నీరవుతోంది పాపం!

ఈ సరదా ఆ ఒక్క ఇంటిదే కాదు. సీరియల్ చూసే ప్రతి ఇంట్లోనూ ఉండేదే. బొట్టుబిళ్ల రంగు మారిపోతుంది. సగం తాగిన కాఫీ కప్పు మళ్లీ నిండిపోతుంది. గోడ గడియారం వెనక్కి నడుస్తుంది. సీరియల్ తీసేవాళ్ల భాషలో చెప్పాలంటే... 'కంటిన్యుటీ' తప్పింది!

ఎందుకు తప్పుతుంది? తెర మీద వరసగా కనిపించేవన్నీ వరసగా తీసినవి కావు కాబట్టి. ఒక ఇంట్లో షూటింగ్ పెట్టుకుంటే అక్కడ జరగాల్సిన సీన్లన్నీ, నాలుగైదు ఎపిసోడ్లవైనా సరే, ఒకేసారి తీసేస్తారు. గుమ్మం బయటి సీన్ ఇవాళ తీస్తే లోపలిది వారం తర్వాత కావచ్చు. ఒకే సీన్‌లోనైనా ముందు అందరూ కనిపించేలా తీసి, తర్వాత ఒక్కొక్కరి క్లోజప్ తీస్తారు. లైట్లు సర్దేలోగా కొంగు జారుతుంది, పూలు వాడతాయి. ఏ చేతికి వాచీ ఉంది, ఏ భుజాన బ్యాగుంది... ఇవన్నీ గుర్తుపెట్టుకోవాల్సింది అసిస్టెంట్ డైరెక్టర్లు. ఒకప్పుడు నోట్సు, ఫొటోలు. ఇప్పుడు సెల్‌ఫోన్. రేపటి ఎపిసోడ్ తరుముకొస్తుంటే ఒక్క గాజు దగ్గర కన్ను తప్పిందా... అంతే సంగతులు!

కోట్లు కుమ్మరించినా ఈ తిప్పలు తప్పవు. అమెరికన్ సీరియల్ 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో కత్తులు, డ్రాగన్ల కాలం నాటి విందు బల్ల మీద ఈ కాలపు కాఫీ కప్పు ప్రత్యక్షమైంది. 2019 మేలో ఆ ఎపిసోడ్ రాగానే ప్రేక్షకులు పట్టేశారు. హెచ్‌బీఓ ఆ కప్పును కంప్యూటర్‌తో చెరిపేసింది. హమ్మయ్య అనుకునేలోపే... చివరి ఎపిసోడ్‌లో నీళ్ల సీసా!

కప్పులు, గాజులు అయితే నవ్వేసి ఊరుకుంటారు. మరి మనుషుల గతమే మారిపోతే? తండ్రి పోయాడని నిరుడు గుండెలవిసేలా ఏడ్చిన అమ్మాయి, ఇవాళ 'నాన్నకి ఫోన్ చేస్తా' అంటే? అక్కడ మాత్రం ఒప్పుకోరు. ఎందుకంటే ఆ రోజు ఆమెతోపాటు వీళ్లూ ఏడ్చారు. ఆ కన్నీళ్లు ఉత్తివేనా మరి!

జెమినీ టీవీలో 'మొగలిరేకులు' 2008 నుంచి 2013 దాకా నడిచింది. మొదలైనప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్ల, అయిపోయేసరికి ఆరో తరగతి పూర్తి చేసేసింది. అంత సుదీర్ఘంగా సాగే ధారావాహికల్లో నటులు మారొచ్చు, రాసేవాళ్లూ మారొచ్చు. రోజూ చూసేవాళ్లు మాత్రం మారరు. కథ జ్ఞాపకమంతా వాళ్ల దగ్గరే భద్రంగా ఉంటుంది.

ఆ మాటకొస్తే టీవీ లేని రోజుల్లోనూ ఇంతే. 1887లో అచ్చయిన ఆర్థర్ కోనన్ డాయిల్ తొలి షెర్లాక్ హోమ్స్ కథలో డాక్టర్ వాట్సన్‌కు తూటా భుజానికి తగిలింది. 1890 నాటి రెండో నవలకు వచ్చేసరికి గాయం కాలికి మారింది! పాఠకులు ఈనాటికీ దాన్ని వదల్లేదు. బీబీసీ వాళ్లు 2010లో 'షెర్లాక్' తీసినప్పుడు ఆ తికమకనే కథగా మలిచారు. గాయమేమో భుజానికి... కుంటడమేమో కాలు. కారణం మనసులోని వేదన! తప్పును మర్చిపోని పాఠకులకు అంతకన్నా మర్యాద ఏముంటుంది?

తప్పులు పట్టేవాళ్లంటే గిట్టనివాళ్లనుకుంటారు. కాదు. గిట్టనివాళ్లు ఛానల్ మార్చేస్తారు. కొంగు అంచు దాకా చూసేది ఇష్టమున్నవాళ్లే.

కంకిపాడులో బ్రేక్ అయిపోయింది. తెర మీద బామ్మగారు పేపరు తిరగేస్తోంది. అత్తగారి చేతిలో చిక్కుడుకాయ ఆగింది.

'అదేంటమ్మాయ్... ఈవిడకి నిరుడు చూపు పోయింది కదూ?'

ఈసారి కోడలు నవ్వలేదు.